వాలిన చక్రం

"కదలకండి!" ఫోటోగ్రాఫరు నోట ఈ మాట వినని ఇల్లాలు ఉండదు. ఫోటోలో కదలిక కనపడితే అది చెడినట్టే లెక్క. అలా చెడిన ఫోటో ఒకటి చరిత్రకెక్కింది, వినండి.

జాక్ ఆన్రీ లార్తీగ్ 1894లో పుట్టిన ఫ్రెంచి కలవారి బిడ్డ. చిన్నతనంలోనే తండ్రి కెమెరా కొనిచ్చాడు. పరిగెత్తేదీ, దూకేదీ, ఎగిరేదీ ఏది కనిపించినా ఫోటో తీయాల్సిందే! 1912 ప్రాంతంలో, ఇరవై నిండకుండానే, గ్రాండ్ ప్రీ కార్ల పందేనికెళ్ళి, దూసుకుపోతున్న కారు వెంబడే కెమెరా తిప్పుతూ మీట నొక్కాడు.

ఆ కెమెరాలో షట్టరంటే సన్నని చీలిక ఉన్న తెర. అది గాజుపలక మీదుగా జరుగుతుంటే, బొమ్మ ఒక్కసారిగా పడదు. వరస వెంట వరస పడుతుంది. ఈలోగా కారు ఇంకాస్త ముందుకెళ్ళింది. గుండ్రటి చక్రం కోడిగుడ్డులా సాగి ముందుకి వాలింది. కెమెరా తిరిగింది కనక, కదలకుండా నిలబడ్డ జనమూ స్తంభాలూ వెనక్కి ఒరిగారు. కారు ముందుభాగం ఫోటోలోకి రానేలేదు!

పాడయిందనుకుని పక్కన పెట్టేశాడు. చిత్రకారుడిగా బతికాడు. 1963లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియం ఆయన ఫోటోల్ని ప్రదర్శించేనాటికి 69 ఏళ్ళు. ఇవాళ వేగమంటే ఇదీ అని చూపించే ఫోటోల్లో అదొకటి.

పాడయిందన్నాడే గాని, ఆ పలకని పగలగొట్టలేదు. నాకు ముచ్చటేసేది అక్కడే. అటక సర్దేటప్పుడు పిల్లలు "చెడిపోయిందమ్మా" అని పడేసిన బొమ్మలు దొరికితే, చించడానికి నాకు చెయ్యి రాదు. మీకొస్తుందా?