డబ్బా తెరవకుండా తెలుసుకోవడం ఎలా?

టెస్టింగులో పనిచేసే మిత్రులు ముందే అలగొద్దు. నేను చెప్పబోయేది మీ పని దండగని కాదు, మీ పని అంతా అయిపోయాక మొదలవ్వటం దండగని. మా ప్రాజెక్టులో (ఏ కంపెనీ అని అడక్కండి, ఉద్యోగం కావాలి) ప్రతి రిలీజుకీ చివరి మూడు రోజులు అందరం క్యూఏ వాళ్ళ గది వైపు చూస్తూ కూర్చుంటాం. వాళ్ళు పచ్చజెండా ఊపితే సరుకు బాగున్నట్టే అని మేనేజరు దగ్గర్నుంచి క్లయింటు దాకా అందరి నమ్మకం. ఈ నమ్మకం ఎంత ప్రమాదమో తిండి తయారుచేసేవాళ్ళు మనకంటే ముందే, ప్రాణాలు పోగొట్టుకుని మరీ తెలుసుకున్నారు.

1971 జూన్ నెలాఖరున న్యూయార్కు రాష్ట్రంలో ఒక భార్యాభర్తలు బాన్ వివాంట్ అనే కంపెనీ బంగాళాదుంప సూపు డబ్బా తెరిచారు. అది చల్లగానే తాగే సూపు. వేడిచేసే అలవాటు ఉండుంటే అందులోని విషం విరిగిపోయేది. రుచి తేడాగా ఉందని సగంలోనే వదిలేశారట, అయినా భర్త చనిపోయాడు, భార్య తీవ్రంగా జబ్బుపడింది. రోగం పేరు బొటులిజం. ఆ బ్యాచ్‌లో తయారైనవి 6,444 డబ్బాలు. అమెరికా ఎఫ్‌డీఏ వాళ్ళు 324 డబ్బాలు పరీక్షిస్తే ఐదింట్లో విషం దొరికింది. కంపెనీ నెల తిరక్కుండానే దివాలా తీసింది.

ఇప్పుడు కాలిక్యులేటర్ తీయండి. 324లో 5 అంటే సుమారు ఒకటిన్నర శాతం. బ్యాచ్ మొత్తంలోనూ అదే పాళ్ళు అనుకుందాం. సరుకు బయటికి పంపేముందు ఫ్యాక్టరీవాడు బుద్ధిమంతుడిలా 10 డబ్బాలు తెరిచి ల్యాబుకి పంపాడనుకోండి. పదీ శుభ్రంగా ఉండే అవకాశం దాదాపు 86 శాతం. పోనీ 20 తెరిచాడు, అప్పుడూ 73 శాతం. ఒక్కటన్నా దొరుకుతుందని 95 శాతం ధీమాగా చెప్పాలంటే 190కి పైగా డబ్బాలు తెరవాలి. అదే తప్పు వెయ్యికి ఒకటి చొప్పున ఉంటే దాదాపు 3,000 తెరవాలి. తెరిచిన డబ్బా మళ్ళీ అమ్ముకోలేం కదా! మనం ఒకే కోడ్‌ని వెయ్యిసార్లు రన్ చేసినా అది అరిగిపోదు. వాళ్ళకా సౌకర్యం లేదు.

మరి డబ్బా తెరవకుండా లోపలి సంగతి తెలిసేదెలా? దీనికి జవాబు దొరకటానికి నూట యాభై ఏళ్ళు పైనే పట్టింది.

మొదలుపెట్టినవాడు నికొలా అపేర్ అనే ఫ్రెంచి మిఠాయిల వ్యాపారి. కూరలు, మాంసం గాజు సీసాల్లో పెట్టి, గట్టిగా బిరడా బిగించి, మరిగే నీళ్ళలో గంటలకొద్దీ ఉంచితే పాడవ్వట్లేదని కనిపెట్టాడు. 1810లో ఫ్రాన్సు ప్రభుత్వం 12,000 ఫ్రాంకులు బహుమతి ఇచ్చింది. ఎందుకు పాడవ్వట్లేదు అంటే మాత్రం ఆయనకీ తెలీదు. సూక్ష్మజీవుల సంగతి పాశ్చర్ చెప్పేసరికి ఇంకో యాభై ఏళ్ళు గడిచాయి. అంటే అర్ధశతాబ్దం పాటు ప్రపంచమంతా "పనిచేస్తోంది, ముట్టుకోకు" అనే సూత్రం మీద డబ్బా తిండి తింది. మన ప్రొడక్షన్ సర్వర్లలోనూ అలాంటి స్క్రిప్టులు ఉన్నాయిలెండి.

ముట్టుకుంటే ఏమవుతుందో 1852లో తెలిసింది. బ్రిటిష్ నౌకాదళానికి గోల్డ్‌నర్ అనే కాంట్రాక్టరు మాంసం డబ్బాలు సరఫరా చేసేవాడు. పోర్ట్స్‌మత్ దగ్గర తనిఖీకి 306 డబ్బాలు తెరిస్తే పనికొచ్చినవి 42. వాసనకి తనిఖీ చేసేవాళ్ళు మధ్యలో ఆపాల్సొచ్చిందని అప్పటి కథనాలు. డబ్బా సైజు పెంచటం కూడా ఒక కారణమంటారు. చిన్న డబ్బాకి సరిపోయిన మరిగింపు సమయం పెద్ద డబ్బా నడిమధ్యకి వేడి చేరటానికి చాలలేదు. పది మంది యూజర్లతో బాగా నడిచిన డిజైన్‌ని పదివేల మంది మీద పెట్టడమంటే ఇదే.

తర్వాతి మలుపు బోస్టన్‌లో. 1895లో అండర్‌వుడ్ అనే క్యానింగ్ కంపెనీ కుటుంబీకుడు విలియం లైమన్ అండర్‌వుడ్, ఉబ్బిపోయిన ఆల్చిప్పల మాంసం డబ్బాలు పట్టుకుని ఎంఐటీకి వెళ్ళాడు. శామ్యూల్ ప్రెస్కాట్ అనే కుర్ర పరిశోధకుడు ఆయనతో కలిసి పనిచేశాడు. ఇద్దరూ తేల్చిందేంటంటే కొన్ని బాక్టీరియాలు కష్టకాలం వస్తే గట్టి పెంకు లాంటి స్పోర్‌లుగా మారి నిద్రపోతాయి, అవి మరిగే నీళ్ళకి చావవు. ఆవిరి ఒత్తిడి పెట్టి 120 డిగ్రీల దాకా తీసుకెళితే చస్తాయి. డబ్బా మధ్యలో ఎంత వేడి, ఎంతసేపు అన్న రెండు అంకెలే ముఖ్యమని మొదటిసారి స్పష్టమైంది.

అయినా ఎంతసేపు అన్నదానికి కచ్చితమైన లెక్క లేదు. ఆ లెక్క కట్టటానికీ చావులే కారణమయ్యాయి. 1919 ఆగస్టులో ఒహాయో రాష్ట్రం కాంటన్ ఊళ్ళో ఒక విందులో కాలిఫోర్నియా ఆలివ్ కాయలు తిని ఏడుగురు చనిపోయారు. ఆ తర్వాత నెలల్లో ఇంకొన్ని ఊళ్ళలోనూ అదే. డబ్బాల వ్యాపారం మునిగిపోతుందని భయపడ్డ కాలిఫోర్నియా కంపెనీలే డబ్బులిచ్చి పరిశోధన చేయించాయి. (ఏమాటకామాటే, భయం మీద పుట్టినా మంచి పరిశోధన మంచి పరిశోధనే.) 1922లో ఎస్టీ, మేయర్ అనే ఇద్దరు, బొటులినం స్పోర్‌లు ఏ వేడికి ఎంతసేపట్లో చస్తాయో కొలిచి పెట్టారు.

నాకు అన్నిట్లోకీ నచ్చింది ఇక్కడ బయటపడ్డ గణితం. స్పోర్‌లు అన్నీ ఒకేసారి చావవు. ఒక నిర్ణీత సమయంలో నూటికి తొంభై చస్తాయి. మళ్ళీ అంతే సమయంలో మిగిలినవాటిలో నూటికి తొంభై. రేడియోధార్మిక పదార్థాల అర్ధాయువు లాంటిదే, కాకపోతే ఇక్కడ సగానికి బదులు పదోవంతు. 121 డిగ్రీల దగ్గర ఆ సమయం సుమారు 0.2 నిమిషం. గ్రాఫు గీస్తే సున్నా వైపు జారుతూనే ఉంటుంది, సున్నాని మాత్రం తాకదు. అంటే "ఒక్క క్రిమి కూడా లేదు" అని ఏ నిజాయితీపరుడూ చెప్పలేడు. ఎంతలో ఆగాలో మనమే తేల్చుకోవాలి. క్యానింగ్ పరిశ్రమ పన్నెండు మెట్ల దగ్గర ఆగింది. డబ్బాకొక స్పోర్ చొప్పున లక్ష కోట్ల డబ్బాలుంటే ఒక్క దాంట్లో మిగలొచ్చు అన్నమాట. పన్నెండు మెట్లకీ కలిపి పట్టేది 121 డిగ్రీల దగ్గర రెండున్నర నిమిషాలే! వేడి 10 డిగ్రీలు తగ్గితే సమయం పదింతలవుతుంది. 101 డిగ్రీల దగ్గర అదే పనికి నాలుగు గంటలు పైనే కావాలి. అపేర్ సీసాలు గంటలకొద్దీ ఎందుకు మరిగాయో ఇప్పుడు అర్థమైందా?

మన వంటింటి ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపలుండేదీ దాదాపు 120 డిగ్రీలే. అలాగని ఇంట్లో పప్పు వండి డబ్బాల్లో బిగించే ప్రయోగాలు చేయకండి, గిన్నె మధ్యలో ఎంతుందో విజిల్ చెప్పదు. అన్నట్టు, మన ఆవకాయకి ఈ గొడవ లేదు. పులుపు బాగా ఉంటే, అంటే పీహెచ్ 4.6 లేదా అంతకంటే తక్కువుంటే, బొటులినం స్పోర్ నిద్ర లేవదు. దానికితోడు ఉప్పు.

ఇక డబ్బా మధ్యలో వేడిని ఊహించకుండా కొలవటం. 1920లో బిగెలో బృందం డబ్బాలోకి థర్మోకపుల్ పెట్టి, ప్రతి నిమిషం వేడి చూసి, ఏ నిమిషం ఎంత చంపిందో గ్రాఫు కాగితం మీద కూడారు. 1923లో ఓలిన్ బాల్ అనే యువకుడు దాన్ని సూత్రాలుగా, పట్టికలుగా మార్చాడు. డబ్బా సైజు మారితే మళ్ళీ మొదట్నుంచి ప్రయోగం చేయక్కర్లేదు, లెక్కగట్టొచ్చు. కంప్యూటర్ అన్న మాటకి "లెక్కలు చేసే మనిషి" అని అర్థం ఉన్న రోజుల్లో రాసిన మోడల్ అది. ఆ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఇంత తెలిసీ 1971లో సూపు డబ్బా మనిషిని ఎలా చంపింది? సూత్రం పుస్తకంలో ఉంది. ఆ రోజు, ఆ బ్యాచ్‌కి, ఆ పాత్రలో నిజంగా అంత వేడి తగిలిందని రాసి చూపమని ఫ్యాక్టరీని నిలదీసే ఏర్పాటు లేదు. 1973లో ఎఫ్‌డీఏ ఆ రికార్డులు తప్పనిసరి చేస్తూ నియమాలు తెచ్చింది.

ఆ ఏర్పాటుకి బీజం అంతరిక్షం నుంచి వచ్చింది. 1959లో వ్యోమగాములకి తిండి తయారుచేసే పని పిల్స్‌బరీ అనే పిండి కంపెనీకి వచ్చింది. హోవర్డ్ బామన్ అనే శాస్త్రవేత్త నాయకుడు. భూమికి దూరంగా, సూటులో ఇరుక్కుని ఉన్న మనిషికి వాంతులు పట్టుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. నాసా వాళ్ళకి కావలసింది సుమారు భద్రత కాదు. మామూలు పద్ధతిలో శాంపిళ్ళు తీస్తూ పోతే బ్యాచ్‌లో ఎక్కువ భాగం పరీక్షకే పోతోంది, రాకెట్ ఎక్కేదానికి మిగిలేది కొంచెమే. పైన మనం వేసిన లెక్కే! అప్పుడు అమెరికా సైన్యం నాటిక్ ల్యాబులో వాడే పద్ధతి ఒకటి తీసుకున్నారు. ఎక్కడెక్కడ ఏం చెడొచ్చో ముందే జాబితా వేయి, చెడకుండా ఆపగల మెట్టు ఏదో గుర్తించు, ఆ మెట్టు దగ్గర అంకె పెట్టు, ప్రతిసారీ కొలిచి రాయి. దీని పేరే హజార్డ్ అనాలిసిస్ అండ్ క్రిటికల్ కంట్రోల్ పాయింట్స్, నోరు తిరిగేందుకు హ్యాసప్.

1971లో డెన్వర్ సదస్సులో పిల్స్‌బరీ దీన్ని బయటపెట్టింది. చప్పట్లు కొట్టారుగానీ డబ్బాలవాళ్ళు తప్ప ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1993లో జాక్ ఇన్ ది బాక్స్ హోటళ్ళలో సరిగా ఉడకని బర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బుపడి, నలుగురు పిల్లలు చనిపోయాక అమెరికా మాంసం పరిశ్రమ మీదకీ ఇది వచ్చింది. అదే ఏడాది కోడెక్స్ అంతర్జాతీయ మార్గదర్శకాల్లో చేరింది.

హ్యాసప్ వస్తే అంతా బాగుపడిందనుకోవటం పొరపాటు. 2008–09లో పీనట్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా వేరుశనగ సరుకు తిని 700 మందికి పైగా జబ్బుపడ్డారు, తొమ్మిది మంది చనిపోయారు. సాల్మొనెల్లా ఉందని ల్యాబు చెప్పిన సరుకుని మళ్ళీ పరీక్షకి పంపి, లేదని రిపోర్టు రాగానే రవాణా చేశారు. ఎర్రగా ఫెయిలైన టెస్టుని పచ్చగా వచ్చేదాకా మళ్ళీమళ్ళీ రన్ చేసే అలవాటు మనలో ఎంతమందికుందో చేతులెత్తండి. ఆ కంపెనీ అధినేతకి 2015లో 28 ఏళ్ళ జైలు పడింది.

ఈ కథ మన చెరువుగట్ల దాకా కూడా వచ్చింది. 1997లో యూరప్ మన దేశపు సముద్ర ఉత్పత్తుల్ని శుభ్రత బాగోలేదని కొన్ని నెలలపాటు ఆపేసింది. అదే ఏడాది డిసెంబరులో అమెరికా చేపలు, రొయ్యలకి హ్యాసప్ తప్పనిసరి చేసింది. ప్లాంట్లు టైల్స్ వేసుకున్నాయి, ఉష్ణోగ్రతలు రాసుకున్నాయి. అంతలో 2002 ప్రాంతంలో ఇంకో చిక్కు వచ్చిపడింది, క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి యాంటీబయాటిక్ అవశేషాలు. ఇది స్పోర్ కాదు, 121 డిగ్రీల్లో రెండున్నర నిమిషాలు ఉంచితే పోయే రకం కాదు. ప్లాంటులో ఏ మెట్టు దగ్గరా దాన్ని తీసేసే మంత్రం లేదు. ఆపగల మెట్టు ఎక్కడో వెనక, చెరువులో రొయ్యలు తేలిపోతుంటే రాత్రికి రాత్రి ఏ మందు వేయాలని రైతు కంగారుపడే చోట ఉంది. అందుకే పట్టుబడికి ముందే చెరువులోంచి శాంపిల్ తీసి చూసే ఎంపెడా ల్యాబులు భీమవరం, నెల్లూరు లాంటి చోట్ల వచ్చాయి.

అయినా 2016లో యూరప్ మన చెరువు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో పరీక్షించే వాటా 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అంటే సగం కంటైనర్లకి అక్కడి రేవులో శాంపిల్ తీస్తారు. అప్పటికి మేత అప్పు, కరెంటు బిల్లు, ఐసు ఖర్చు, ఓడ కిరాయి అన్నీ అయిపోయి ఉంటాయి.