కంచ గచ్చిబౌలి దుప్పులు

హైటెక్ సిటీ అద్దాల మేడలకు కొద్ది దూరముననే కంచ గచ్చిబౌలి గలదు. కంచ యనగా మేతబీడు. 1974లో స్థాపితమైన కేంద్రీయ విశ్వవిద్యాలయము చెంత, ఆ బండరాళ్ళ నడుమ, చుక్కల దుప్పులు నేటికిని తిరుగుచున్నవి.

పూర్వము వేటకాండ్రు అడుగుజాడలనుబట్టి మృగములను అంచనా కట్టెడివారు. 1920 దశకమున ఛాంపియన్ అను అటవీ అధికారి హిమాలయ పాదారణ్యములలో బాటకడ్డముగా తీగ కట్టి, పులి కాలు తగిలినంతనే ఛాయాచిత్రము పడునట్లు చేసెను. తుపాకి పట్టవలసిన చోట కెమెరా పట్టిన ఘనుడాయన! నేటి కెమెరాకు తీగయు అక్కరలేదు. మృగము ఒంటి వేడిమి కదలిన చాలును. ఒక దుప్పి చుక్కల అమరిక వేరొకదానికి రాదు గావున, చిత్రములనుబట్టి దేనికది గుర్తింపవచ్చును.

2025 మార్చి నెలాఖరున అచటి 400 ఎకరములలో యంత్రములు చెట్లను కూల్చసాగినవి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించెను. చెదరిన దుప్పులు ఏ నీటిపట్టు విడిచినవో, రాత్రులు ఏ దారిన పోవుచున్నవో చెట్టుకు కట్టిన కెమెరా చూపగలదు. తొలుత ఎన్ని యుండెనో లెక్క లేకున్న, మిగిలినవానిని దేనితో పోల్చుట?