రాగిరేకుల నుంచి రీరిలీజుల దాకా

1816లో మద్రాసులో అచ్చయిన తన తెలుగు వ్యాకరణానికి ఎ.డి. క్యాంబెల్ రాసిన ముందుమాటలో ఒక చిన్న ప్రస్తావన ఉంది. తిరుమల కొండమీది గుడిలో ఒక బ్రాహ్మణ కుటుంబం పద్యాలు చెక్కిన రాగిరేకులను వేల సంఖ్యలో భద్రపరిచిందని ఆయనకు ఎవరో చెప్పారు. తెలుగు లక్షణ గ్రంథాల కోసం వెతుకుతున్న ఆ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఆశపడి, వాటిని చూసి రమ్మని ఒక మనిషిని పంపించాడు. ఆ మనిషికి ఒక వ్యాకరణ గ్రంథం దొరికింది, దానికి నకలు తీయించారు. మిగిలినదంతా దేవుడి మీద స్తోత్రాలేనని తేలింది. క్యాంబెల్ ఆ సంగతి రెండు ముక్కల్లో రాసి తన వ్యాకరణంలోకి వెళ్లిపోయాడు. ఆ రోజు పక్కన పెట్టేసిన రేకుల మీద ఉన్నవి తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు. ఇవాళ తెలుగు ఇళ్లలో తెల్లవారితే వినబడేవి, పసిబిడ్డకు జోల పాడాలన్నా, పెళ్లిలో పందిరికి కళ తేవాలన్నా నోటికి వచ్చేవి ఆ పాటలే.

పుట్టిననాడే ఊళ్లకు ఊళ్లు మోగించిన పాటలు మనకు కోకొల్లలు. వాటి వైభవం అందరూ ఎరిగినదే. పుట్టినప్పుడు ఎవరి చెవికీ పెద్దగా ఎక్కక, ఏళ్లకో తరాలకో శతాబ్దాలకో జాతి గొంతులోకి వచ్చిన పాటల వరస ఇంకొకటి ఉంది. వాటిని ఎవరో ఒకరు మోసుకొచ్చారు. కుటుంబం, పండితుడు, గాయకురాలు, ఉద్యమం, రేడియో, టీవీ పోటీలో పాడిన పసివాడు, ఇలా కాలానికొకరు ఆ బరువు తలకెత్తుకున్నారు. వాళ్ల సంగతి చెప్పకుండా తెలుగు పాట చరిత్ర పూర్తికాదని నా నమ్మకం.

అన్నమయ్య 1408లో పుట్టి 1503లో వెళ్లిపోయాడు. ముప్పైరెండు వేల సంకీర్తనలు చెప్పాడని సంప్రదాయం చెబుతుంది. మనకు దక్కినవి 12,000కు పైగా. దక్కడానికి కారణం ఆయన సంతానం. కొడుకు పెద తిరుమలాచార్యుడి కాలంలో ఆ పాటలను రాగిరేకుల మీద చెక్కించి, గుడిలోనే ఒక అరలో దాచారు. తాటాకు మీద రాసి ఉంటే చెదలకో చెమ్మకో పోయేవేమో. లోహానికి అప్పగించిన ఆ ముందుచూపును ఎంత మెచ్చుకున్నా తక్కువే. అయితే 1565 తర్వాత విజయనగర వైభవం చెదిరింది, గుడికి రాజుల అండ పోయింది, పాడేవాళ్ల వరస తెగింది. క్యాంబెల్ మనిషి కొండెక్కేనాటికి అవి ఎవరూ పాడని పాటలు. మరో వందేళ్లు ఆ స్థితిలోనే గడిచాయి.

ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి చొరవతో ఆ రేకులు పండితుల కంటబడ్డాయి, కొండ దిగి తిరుపతికి చేరాయి. తర్వాత వేటూరి ప్రభాకర శాస్త్రి వాటి పరిష్కరణకు పూనుకున్నారు. 1950లో ఆయన కన్నుమూస్తే ఆ పని రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ చేతికి వచ్చింది. ఈ చేతిమార్పు తెలుగు సంగీతం చేసుకున్న అదృష్టం. రేకుల మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. అన్నమయ్య తన పాటను ఏ వరసలో పాడాడో చెప్పగలిగినవాళ్లు భూమ్మీద ఒక్కరూ మిగలలేదు. రాళ్లపల్లి సాహిత్యపండితుడే కాక సంగీతజ్ఞుడు కూడా కావడంతో ఎన్నో కీర్తనలకు తానే స్వరాలు కూర్చి చూపించారు. ఆ దారిలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నెదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్ లాంటివాళ్లు నడిచారు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు నెలకొల్పింది. 1980 ప్రాంతంలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి దేవస్థానం కోసం పాడిన బాలాజీ పంచరత్నమాల రికార్డులతో ఈ సంకీర్తనలు తెలుగు రాని ఇళ్లలోకి కూడా వెళ్లాయి. నెదునూరి రేవతి రాగంలో కట్టిన 'నానాటి బతుకు' వింటుంటే అది అయిదు వందల ఏళ్లుగా అలాగే ఉందనిపిస్తుంది. మాట అంత పాతదే. వరస మాత్రం మన అమ్మమ్మల కంటే చిన్నది. 1997లో రాఘవేంద్రరావు 'అన్నమయ్య' సినిమా వచ్చి, దాని సంగీతానికి కీరవాణికి జాతీయ పురస్కారం దక్కేనాటికి, ఒకప్పుడు వ్యాకరణం కాదని వదిలేసిన పాటలను ఆటో స్టాండులో కుర్రవాడు కూడా కూనిరాగం తీస్తున్నాడు.

గ్రామఫోను వచ్చాక పాట బతుకు మారింది. అంతకుముందు గురువు నోటి నుంచి శిష్యుడి నోటికి దిగినది ఇప్పుడు అంగట్లో దొరికే పళ్లెంలోకి ఎక్కింది. అమ్మకాల లెక్క అప్పుడే మొదలైంది. దానితోపాటే ఏది ఆడింది, ఏది ఆడలేదు అన్న తీర్పు కూడా. ఆ తొలి రోజుల్లోనే సినిమాలో చోటు దొరకని ఒక పాట చరిత్రలో చోటు సంపాదించుకుంది. తిరుచానూరులో పుట్టిన శంకరంబాడి సుందరాచారి 1942 నాటి 'దీనబంధు' చిత్రం కోసం 'మా తెలుగు తల్లికి' రాశారు. చిత్తూరు నాగయ్య నటించిన సినిమా అది. పాట అందులోకి చేరలేదు. టంగుటూరి ప్రకాశం పంతులు ఇంటి ఆడపడుచు సూర్యకుమారి, అప్పటికి ఇంకా ఇరవై నిండని పిల్ల, దాన్ని విడిగా గ్రామఫోను రికార్డుకు పాడింది. తెర మీద బొమ్మ లేదు, కథలో సందర్భం లేదు, నాయికానాయకుల పేరు అండ లేదు. ఒట్టి పాట. అది ఆంధ్రరాష్ట్రోద్యమ సభల్లోకి వెళ్లింది, బడి ప్రార్థనల్లోకి వెళ్లింది, 1953లో రాష్ట్రం వచ్చాక, 1956లో పెద్ద రాష్ట్రం అయ్యాక ప్రభుత్వ వేదికల మీదికి వెళ్లి చివరికి రాష్ట్ర గీతమై నిలిచింది. 'దీనబంధు'ను ఇవాళ చూసినవాళ్లు అరుదు. పాట రానివాళ్లు ఇంకా అరుదు. రాసిన సుందరాచారి మాత్రం కుదురైన కొలువు లేక, పేదరికంలోనే 1977లో కన్నుమూశారు. తిరుపతిలో ఇప్పుడు ఆయన విగ్రహం ఉంది. పాట అందుకున్న గౌరవంలో కొంతైనా ఆయన బతికుండగా ఆయన ఇంటికి చేరి ఉంటే బాగుండేదని ఆ విగ్రహం ముందు నిలబడ్డ ప్రతిసారీ అనిపిస్తుంది.

రేడియోకు అమ్మకాలు లేవు. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం మొదలయ్యాక లలితగీతం అనే ప్రక్రియకు ఒక ఇల్లు దొరికింది. బాలాంత్రపు రజనీకాంతరావు లాంటి వాగ్గేయకారులు అక్కడ కూర్చుని ఏ రికార్డు కంపెనీ లెక్కలోకీ రాని పాటలు కట్టారు. ఒకసారి ప్రసారమై గాలిలో కలిసిపోవలసినవి అవి. కానీ ఆకాశవాణి వాటిని మళ్లీ మళ్లీ వినిపించింది. 'ఈ మాసపు పాట' పేరుతో నెల పొడుగునా ఒకే పాటను శ్రోతల చెవిన వేసింది. పుస్తకం పెన్సిలు పట్టుకుని రేడియో ముందు కూర్చుని చరణాలు రాసుకున్న ఆడవాళ్లు, వాళ్ల పక్కన కూర్చున్న పిల్లలు ఆ పాటలకు అసలైన వారసులు. కృష్ణశాస్త్రి 'జయ జయ ప్రియ భారత' గీతం ఇలా రేడియోలోనూ బడి పిల్లల నోటా ఏళ్ల తరబడి నిలిచి, కవి పోయిన ఆరేళ్లకు, 1986లో ఇళయరాజా సంగీతంతో 'రాక్షసుడు' సినిమాలోకి వచ్చింది. అంతకాలం దాన్ని నిలిపినవాళ్లు పాఠశాలల్లో సంగీతం చెప్పిన టీచరమ్మలు. వాళ్ల పేర్లు ఏ రికార్డు అట్ట మీదా అచ్చుకాలేదు.

సినిమా పాట స్వర్ణయుగంలో కూడా అపజయాల చాటున దాగిన సంపద తక్కువేమీ కాదు. 'పాతాళభైరవి' తీసిన విజయా సంస్థే 1954లో భారీ ఖర్చుతో 'చంద్రహారం' తీసి దెబ్బతింది. ఘంటసాల సంగీతం, పింగళి సాహిత్యం అందులో ఉన్నాయి. మరుసటి ఏడాది వాహినీ వారి 'బంగారు పాప'. బి.ఎన్. రెడ్డి దర్శకత్వం, కృష్ణశాస్త్రి మాట, అద్దేపల్లి రామారావు బాణీ. గౌరవం వచ్చింది, డబ్బు రాలేదు. ఆ రోజుల్లో సినిమా థియేటరు నుంచి దిగిపోతే పాట కూడా దానితోపాటే దిగిపోవాలి. అలా దిగిపోకుండా ఆపినది మళ్లీ రేడియోయే. అటు సిలోన్ నుంచి మీనాక్షి పొన్నుదొరై తెలుగు పలుకు, ఇటు వివిధ భారతి జనరంజని. శ్రోత పోస్టుకార్డు మీద పాట పేరు రాసేటప్పుడు ఆ సినిమా ఎన్ని వారాలు ఆడిందో లెక్కవేయడు. 'బంగారు పాప'లో మాధవపెద్ది సత్యం పాడిన తోలుబొమ్మల తత్వం సినిమా చూడని రెండు మూడు తరాలకు చేరిందంటే ఆ పోస్టుకార్డుల చలవే.

1980 ఒక మలుపు. ఫిబ్రవరిలో 'శంకరాభరణం' విడుదలైనప్పుడు థియేటర్లు తక్కువ, ఉన్నవాటిలో కుర్చీలు ఖాళీ. పెద్ద తార లేడు. ముసలి సంగీత విద్వాంసుడి కథ. వారాలు గడిచేకొద్దీ ఒకరు చెప్పి ఒకరు వెళ్లి, చివరికి అదొక తుఫానైంది. మహదేవన్‌కు, బాలసుబ్రహ్మణ్యానికి, వాణీ జయరామ్‌కు జాతీయ పురస్కారాలు వచ్చాయి. శాస్త్రీయ సంగీతం సభలకే పరిమితమనుకున్న కాలంలో రిక్షా తొక్కేవాళ్లు రాగం తీశారు.

అదే ఏడాది తెరకెక్కిన గౌతమ్ ఘోష్ 'మా భూమి'ని ఈ చరిత్రలో ఇంకా ముఖ్యమైనదిగా భావిస్తాను. బి. నరసింగరావు నిర్మించిన ఆ చిత్రంలో 'పల్లెటూరి పిల్లగాడా' పాట ఉంది, 'బండెనక బండి' పాట ఉంది. మొదటిది సుద్దాల హనుమంతు రాసినది, రెండోది బండి యాదగిరిది. రెండూ 1940ల తెలంగాణ సాయుధ పోరాటంలో పుట్టినవి. అవి పుట్టినప్పుడు రికార్డింగు స్టూడియో లేదు, విడుదల తేదీ లేదు. పాడితే తుపాకీ గుండుకు గురికావలసిన రోజులు. ఉద్యమం ఆగాక ఆ పాటలు పల్లెల్లో, పాత కార్యకర్తల జ్ఞాపకాల్లో మూడు దశాబ్దాలు తలదాచుకున్నాయి. సంధ్య గొంతులో ఒకటి, గద్దర్ గొంతులో ఒకటి తెర మీదికి వచ్చేసరికి పోరాటం ముగిశాక పుట్టిన తరం వాటిని మొదటిసారి విని ఉలిక్కిపడింది. ఆ తరమే తర్వాత తెలంగాణ రాష్ట్ర ఉద్యమంలో ధూంధాం వేదికలెక్కింది. అందెశ్రీ కట్టిన 'జయ జయహే తెలంగాణ' కూడా ఆ వేదికల మీదే పెరిగింది. రాష్ట్రం ఏర్పడిన పదేళ్లకు, 2024 జూన్ 2న, అది అధికారిక రాష్ట్ర గీతమైంది. బడి చదువు లేని కవి రాసిన పాటకు అసెంబ్లీ లేచి నిలబడే రోజు వచ్చింది.

'సిరివెన్నెల'తో 1986లో ఇంటిపేరు సంపాదించుకున్న సీతారామశాస్త్రి కథ ఇంకో రకం. 1988లో బాలచందర్ తీసిన 'రుద్రవీణ'కు ఆయన పాటలు రాశారు. ఇళయరాజాకు, బాలుకు జాతీయ పురస్కారాలు, చిత్రానికి జాతీయ సమైక్యతా పురస్కారం. అంజనా ప్రొడక్షన్స్‌కు మాత్రం నష్టం. తన దరికి రాని వనాల కోసం వసంతమే తరలి వస్తుందని చెప్పే ఆ పాట 1988లో కంటే ఇప్పుడు ఎక్కువమందికి వచ్చు. 1992 నాటి 'స్వాతికిరణం' కూడా అంతే. వాణీ జయరామ్‌కు జాతీయ పురస్కారం తెచ్చిన ఆ పాటలకు నిజమైన జీవితం తర్వాత మొదలైంది. 1996లో బాలు ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలుపెట్టాక, పోటీకి వచ్చిన పిల్లలు ఎంచుకునే పాటల్లో 'స్వాతికిరణం' పాటలు ఒక మెట్టుగా నిలబడిపోయాయి. పిల్లవాడు పాడి ముగించాక ఆ పాట ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు, రికార్డింగు రోజు ఏం జరిగింది అని బాలు చెప్పేవారు. ఆ చెప్పడంలోనే సగం పాటలు మళ్లీ పుట్టాయి. కంపెనీలు మర్చిపోయిన సంగీత దర్శకుల పేర్లు పల్లెల్లో పిల్లలకు కంఠతా వచ్చాయి. ఒక గాయకుడు తన పాటల కంటే ఇతరుల పాటలను ఎక్కువ ప్రేమించి నిలబెట్టిన ఉదాహరణ ఇంత పెద్ద ఎత్తున మరొకటి నాకు కనిపించదు.

2005లో కృష్ణవంశీ 'చక్రం' థియేటర్లలో నిలవలేదు. చక్రి సంగీతంలో శ్రీ పాడిన 'జగమంత కుటుంబం' నిలిచింది. ఒంటరితనం గురించి సీతారామశాస్త్రి రాసినంత నిండుగా తెలుగులో ఇంకెవరూ సినిమా పాట రాయలేదు. అమెరికాలో అద్దె గదుల్లో, హైదరాబాద్ హాస్టళ్లలో, ఇల్లు విడిచి బతుకుతున్న యువకులు ఎవరి ప్రచారమూ అక్కర్లేకుండా దాన్ని తమదిగా చేసుకున్నారు. 2021 నవంబరులో సిరివెన్నెల వెళ్లిపోయినప్పుడు ఆయన్ను తలచుకోవడానికి జనం వెతుక్కున్న పాటల్లో అది ముందుంది.

ఇప్పుడు కొత్త పాటకు మొదటి 24 గంటల్లో ఎన్ని లక్షల మంది చూశారో ప్రకటన వేస్తున్నారు. ఆ పక్కనే, అదే ఫోనులో, 1954 నాటి పాట, 1988 నాటి పాట, గుడి అరలో మూడు శతాబ్దాలకు పైగా పడుకున్న పాట ఒకే వేలికి అందుతున్నాయి. 'రుద్రవీణ' తీసిన అంజనా ప్రొడక్షన్స్‌నే 2010లో 'ఆరెంజ్' కూడా గట్టిగా దెబ్బతీసింది. హారిస్ జయరాజ్ పాటలు అప్పుడే చాలామందికి నచ్చాయి, కానీ సినిమా నీడ వాటి మీద పడింది. 2023 మార్చిలో, రామ్‌చరణ్ పుట్టినరోజుకు ఆ సినిమాను మళ్లీ విడుదల చేశారు. మొదటిసారి విడుదలైనప్పుడు బడిలో ఉన్న పిల్లలు ఇప్పుడు టికెట్లు కొనుక్కుని వచ్చి, కుర్చీల మీదికెక్కి, ప్రతి పాటనూ తెరతో పోటీపడి మొదటి అక్షరం నుంచి చివరి దాకా పాడారు.