తట్టిన వెలుగు దీపము – వదులు అతుకుల శాస్త్రచరిత్ర

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పోస్టాఫీసు బాక్సు అను పెట్టెను చూడని విజ్ఞాన విద్యార్థి అరుదు. నల్లని పలకపై వరుసగా ఇత్తడి దిమ్మెలు, వాని నడుమ ఇత్తడి బిరడాలు ఉండును. ప్రయోగము ప్రారంభించుటకు ముందు ఉపాధ్యాయుడు చెప్పు మొదటి మాట ఒక్కటే: “బిరడాలను నొక్కి, కొంచెము మెలిపెట్టి బిగింపుడు.” ఈ మాటను పెడచెవిని పెట్టిన వానికి గాల్వనామీటరు ముల్లు ఒకచోట నిలువదు. బల్లపై చేయి ఆనించిన ఒక అంకె, చేయి తీసిన మరియొక అంకె. తీగలో దోషము లేదు, లెక్కలో దోషము లేదు. ఒక బిరడా వదులుగా నుండుటయే దోషము.

ఈ పెట్టెకు పోస్టాఫీసు పేరు ఊరక రాలేదు. పందొమ్మిదవ శతాబ్దిలో బ్రిటిష్ తపాలాశాఖ తంతి మార్గములను నిర్వహించుచుండెడిది. తీగ ఎచట తెగినది, ఎచట భూమికి తగిలినది అను సంగతిని దూరము నుండియే లెక్కగట్టుటకు తంతి ఇంజనీర్లు వాడిన పరికరమే కళాశాలలకు చేరినది. అనగా ఇది పుట్టుకచే దోషములను వెదకు సాధనము. ఆ వెదకులాట చరిత్రను, అందులో మిక్కిలి తిప్పలు పెట్టిన ఒక దోషమును గూర్చి ఇచట ముచ్చటింతము. ఆ దోషము వదులు అతుకు. తెగిన తీగ ఎప్పుడును తెగియే యుండును. వదులు అతుకు అట్లు కాదు. ఒక క్షణము కలియును, మరుక్షణము విడిపోవును. వెదకబోయిన వేళ మంచి అతుకువలె నటించును.

ఈ దోషమునకు పేరుపొందిన నివాసము పాత స్పోర్ట్సుకారు. ఇంగ్లండులోని అబింగ్డన్ పట్టణమున 1962 మొదలు 1980 వరకు తయారైన ఎమ్.జి.బి. కారును ఉదాహరణగా గైకొందము. అయిదు లక్షలకు పైగా తయారైన ఈ చిన్నకారును నేటికిని పలు దేశములలో ఔత్సాహికులు కాపాడుకొనుచున్నారు. నేటి కార్లతో పోల్చిన దాని విద్యుత్ పథకము మిక్కిలి సరళము. తొలి నమూనాలలో ఆసనముల వెనుక ఆరేసి వోల్టుల బ్యాటరీలు రెండు, ఒక డైనమో, కొలది ఫ్యూజులు, రంగురంగుల తీగలు – ఇంతియే. ఐనను చీకటిదారిలో ఒక దీపము ఆరిపోవును. చక్రము గతుకులో పడగానే మరల వెలుగును. యజమాని బల్బును మార్చును, స్విచ్చిని మార్చును, తుదకు డైనమోను సైతము మార్చును. వారము దినములు బాగుండును. మరల ఒక వానరాత్రి దీపము ఆరిపోవును. ఎదుటి మలుపు కనబడని ఆ క్షణమున ఇది డబ్బు దండుగ మాత్రమే కాదు, ప్రాణముతో చెలగాటము. మంచి వస్తువులను పారవేయించి, చెడ్డ అతుకును మాత్రము విడిచిపెట్టించు ఈ మాయ ఏమి?

దీనికి తొలి పాఠము ఒక పాఠశాల ఉపాధ్యాయుడు నేర్పెను. జర్మనీలోని కొలోన్ నగరమున ఉన్నత పాఠశాలలో బోధించుచుండిన గియోర్గ్ సైమన్ ఓమ్ తీగల గుండా పారు ప్రవాహమును కొలువ యత్నించెను. కాని నాటి వోల్టా ఘటముల ప్రవాహము నిలకడగా నుండెడిది కాదు. కొలత మారినది తీగ వలననా, ఘటము వలననా? పొగెన్‌డార్ఫ్ అను శాస్త్రజ్ఞుని సలహాపై ఓమ్ ఘటములను విడిచి, బిస్మతు–రాగి ఉష్ణయుగ్మమును గ్రహించెను. ఒక సంధిని మరుగునీటి వేడిలోను, మరియొకదానిని మంచులోను ఉంచగా పీడనము స్థిరపడెను. ఆ ప్రయోగముల ఫలితమే 1827లో వెలువడిన ఆయన గ్రంథము, నేడు మనము బోధించు ఓమ్ సూత్రము. మొదట ఆధారమును స్థిరపరచుము, పిదప దోషమును వెదకుము – ఇది ఆయన పద్ధతి. తెలిసిన మెకానిక్కు ముందుగా బ్యాటరీ ధ్రువములను గీకి శుభ్రపరచుట ఇందుకే.

తరువాతి పాఠములు తంతివారివి. 1838లో మ్యూనిక్ నగరమున స్టైన్‌హైల్, ప్రవాహము తిరిగి వచ్చుటకు రెండవ తీగ అక్కరలేదని, ఆ పనిని భూమియే చేయగలదని చూపెను. 1833లో క్రిస్టీ వర్ణించిన నిరోధముల త్రాసును 1843లో వీట్‌స్టన్ ప్రచారములోనికి తెచ్చెను. మైలు తీగకు ఎంత నిరోధమో తెలిసినచో, దోషము వరకు గల నిరోధమును దానిచే భాగింపగా దూరము వచ్చును. 1858లో అట్లాంటిక్ సముద్రగర్భమున పరచిన తంతికేబులు సుమారు మూడు వారములకే మూగపోయెను. 1866లో నిలకడగా పనిచేయు కేబులు ఏర్పడునాటికి నిరోధమును కొలుచుట ఇంజనీరునకు నిత్యకృత్యమయ్యెను. స్థిరమైన దోషము ఇట్లు లెక్కకు లొంగెను. కాని క్షణక్షణము మారు నిరోధమును త్రాసులో తూచుట ఎట్లు? అది కప్పల తక్కెడయే కదా!

చిత్రమేమనగా, ఇంజనీర్లకు శత్రువైన ఈ వదులు అతుకును కొందరు మిత్రునిగా చేసికొనిరి. 1878లో లండనులో డేవిడ్ హ్యూస్ రెండు మేకులను ప్రక్కప్రక్కన ఉంచి, వానిపై మూడవ మేకును అడ్డముగా ఊరక ఆనించి ప్రవాహమును పంపెను. సమీపమున మాట్లాడిన చాలు, ఆ మేకుల స్పర్శ అదిరి నిరోధము మారెను. మారిన ప్రవాహము టెలిఫోనులో మాటగా వినిపించెను. మైక్రోఫోను ఇట్లు వదులు అతుకు నుండి పుట్టినది.

1890లో ఫ్రాన్సు దేశమున బ్రాన్‌లీ మరియొక వింతను ప్రకటించెను. గాజుగొట్టములోని లోహపు పొడి మామూలుగా ప్రవాహమును దాదాపుగా పోనీయదు. దూరమున విద్యుత్ స్ఫులింగము మెరసిన వెంటనే పోనిచ్చును. గొట్టమును వ్రేలితో తట్టిన మరల అడ్డుకొనును! 1894లో ఆలివర్ లాడ్జ్ ఈ గొట్టముతో విద్యుత్తరంగములను పట్టి చూపెను. ప్రతి సంకేతము తరువాతను గొట్టమును తట్టుటకు యంత్రపు ఏర్పాటు అవసరమయ్యెను. కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు పాదరసమును ఇనుముతో స్పృశింపజేసి, తట్టవలసిన పని లేకయే పూర్వస్థితికి వచ్చు సాధనమును 1899లో రాయల్ సొసైటీకి నివేదించెను. పాత కారు దీపమును అరచేతితో తట్టి వెలిగించు మనిషి, ఎరుగకయే, ఈ మహనీయుల ప్రయోగమును తిరుగవేయుచున్నాడు.

తట్టిన ఏల మారును? కంటికి నున్నగా కనబడు రెండు లోహతలములు నిజమునకు కొండలు గుట్టలు గల భూముల వంటివి. ఒకదానిపై మరియొకటి ఉంచిన, శిఖరములు మాత్రమే తాకును. ప్రవాహమంతయు ఆ కొలది బిందువుల గుండా ఇరుకున పడి పోవలెను. బిగించినకొలది శిఖరములు నలిగి స్పర్శ పెరుగును, వదులైనకొలది తరుగును. ఈ శాస్త్రమును సమగ్రముగా కూర్చినవాడు రాగ్నార్ హోల్మ్. విద్యుత్ స్పర్శలపై ఆయన గ్రంథము 1946లో వెలువడెను. శిఖరములపై ఆక్సైడు పొర పెరిగిన కథ మరింత చిక్కుపడును. రాగి ఆక్సైడు పూర్తి బంధకము కాదు; రాగితో కలిసి ఒక దిశలో ఎక్కువగా, మరియొక దిశలో తక్కువగా ప్రవాహమును పోనిచ్చును. 1920 దశకమున గ్రోన్‌డాల్ ఈ గుణముననుసరించియే ఏకదిశాకారిని నిర్మించెను. కాబట్టి చిలుము పట్టిన అతుకు “ఉన్నది”, “లేదు” అను రెండు మాటలలో ఇమడదు. అది వేడికి, ఒత్తిడికి, పీడనమునకు తగినట్లు స్వభావమును మార్చుకొనును.

ఇప్పుడు కారు వద్దకు మరలుదము. స్టైన్‌హైల్‌కు భూమి ఎట్లో కారునకు దాని ఇనుపదేహము అట్లు. బ్యాటరీ ఒక ధ్రువము దేహమునకు బిగింపబడును, ఎమ్.జి.బి.లో 1967 వరకు అది ధనధ్రువము, పిదప ఋణధ్రువము. ప్రతి దీపము నుండియు నల్లతీగ వచ్చి దేహమునకు చేరును. ఇతర తీగలకును రంగుల భాష కలదు: కపిలవర్ణము ఎల్లవేళల బ్యాటరీ ప్రవాహము కలది, తెలుపు తాళము త్రిప్పిన వెనుక ప్రవాహము వచ్చునది, ఆకుపచ్చ దాని నుండి ఫ్యూజు దాటి వచ్చినది, నీలము పెద్దదీపములది. తీగకు తీగకు అతుకు తూటా ఆకారపు చిన్న ఇత్తడి కొనలను లోహపు గొట్టములో దూర్చుటవలన ఏర్పడును. కొత్తలో అవి గట్టిగా పట్టియుండును. ఏండ్లు గడచినకొలది గొట్టము పట్టు సడలును, తేమ చేరును, ఇత్తడికి చిలుము పట్టును, నల్లతీగ చేరిన మరక్రింద ఇనుము తుప్పు పట్టును. ఇంజను అదురు ఆ రెంటిని నిరంతరము సన్నగా రాపాడించి, ఎప్పటికప్పుడు క్రొత్త ఆక్సైడును పుట్టించును. నేరము ఎవరిదో ఒక తయారీదారునిది కాదు. కాలము, నీరు, కదలిక కలిసి చేసిన పని.

ఈ నేరమును అంకెలలో చూతము. పన్నెండు వోల్టులపై అరువది వాట్ల దీపమునకు అయిదు ఆంపియర్ల ప్రవాహము కావలెను. వెలుగునప్పుడు దాని నిరోధము 2.4 ఓములు. దారిలో ఒక చెడ్డ అతుకు 0.6 ఓములు చేర్చినదనుకొందము. దీపపు నిరోధము మారదని సులభముగా భావించిన, మొత్తము 3 ఓములు, ప్రవాహము 4 ఆంపియర్లు. దీపమునకు చేరునది 9.6 వోల్టులు. పీడనము అయిదవ వంతు తగ్గిన, వెలుతురు సగమునకు లోబడి పడిపోవును. తంతువు చల్లబడినకొలది వెలుతురు అంత వేగముగా క్షీణించును. మరి అతుకు వద్ద? నాలుగు ఆంపియర్ల వర్గము 16, దానిని 0.6చే గుణింపగా 9.6 వాట్ల వేడి. చింతగింజంత చోట అంత వేడి పుట్టిన తీగపూత కరగును. ఫ్యూజు రక్షింపదా? రక్షింపదు. ఫ్యూజునకు తెలిసినది అధికప్రవాహము ఒక్కటే. ఇచట ప్రవాహము అయిదు నుండి నాలుగునకు తగ్గినది! వదులు అతుకు కావలివాని కన్నుగప్పి నిప్పు పెట్టు దొంగ.

వోల్టుమీటరును సైతము అది మోసగింపగలదు. బల్బు తీసివేసి ఆ చోట మీటరు పెట్టినచో, అతుకు నిరోధము వేయి ఓములైనను మీటరు నిండు పన్నెండు చూపును. నేటి మీటరు లోపలి నిరోధము సామాన్యముగా కోటి ఓములు. దాని ముందు వేయి ఓములు లెక్కలోనిది కాదు. బల్బు పెట్టగానే దీపము వెలుగదు. ప్రవాహము లేనిదే అతుకు గుణము బయటపడదు. అందుచే దీపమును వెలిగించియే, అతుకుకు రెండువైపుల మీటరు కొనలనుంచి, అచట పడిపోవు వోల్టులను చూడవలెను. మంచి అతుకు వద్ద ముల్లు సున్నను దాదాపు వదలదు. ప్రవాహమునకు వేరు కొనలు, పీడనమునకు వేరు కొనలు అను ఈ యుక్తి 1860 ప్రాంతమున విలియం థామ్సన్ అల్పనిరోధములను కొలుచుటకు వాడినదే. స్టార్టరు మోటారు నూరు ఆంపియర్లు లాగునప్పుడు 0.01 ఓము అతుకు ఒక వోల్టును మ్రింగును. సామాన్య ఓమ్‌మీటరుకు అంతుపట్టని నిరోధము ఇట్లు స్పష్టముగా దొరకును.

దాగుడుమూతలాడు దోషమును పట్టుటకు ఇక క్రమము కావలెను. మొదట చేయవలసినది చేతిపని కాదు, జ్ఞాపకపు పని. ఎప్పుడు ఆరినది – వానలోనా, ఇంజను వేడెక్కిన వెనుకనా, మలుపులోనా? దానితోపాటు మరేవి ఆరినవి? రెండు దీపములు కలిసి ఆరిన, రెంటికిని ఉమ్మడియైన చోట వెదకవలెను. ఒక్కటే ఆరిన, దాని సొంతదారిలో వెదకవలెను. మలుపుదీపము వేయగా వేరొక దీపము మసకగా మినుకుమన్నచో నల్లతీగను అనుమానింపుడు. తన దారి మూసికొనిపోగా ప్రవాహము పొరుగుదీపపు తంతువు గుండా దొడ్డిదారిన పోవుచున్నదన్నమాట. పిమ్మట దారిని సగము చేయుము. ఎనిమిది అతుకులున్నచో నాలుగవదాని తరువాత కొలిచిన, దోషము ముందు సగముననో వెనుక సగముననో తేలును. మూడు కొలతలతో ఎనిమిదింటిలో ఒకటి చేజిక్కును. దోషము ఆ వేళ దాగియున్నచో, మీటరును తగిలించియే ఉంచి, తీగలను ఒక్కొక్కటిగా మెల్లగా కదలించుము. ముల్లు ఉలికిపడిన చోటే దొంగ ఉన్న చోటు. అందాకా ఏ వస్తువును మార్చరాదు. మార్చునప్పుడు అతుకు కదలును. కదలిన అతుకు కొన్నాళ్లు బాగుపడును. కీర్తి క్రొత్త వస్తువునకు దక్కును, దోషము మాత్రము అచటనే నిలిచియుండును.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చులకనగా చూపవచ్చును. మూడు టార్చి సెల్లులు, తగిన బల్బు, రెండు తుప్పు మేకులు చాలును. మేకులను అడ్డముగా ఆనించి వలయములో చేర్చి, వానికి రెండువైపుల వోల్టుమీటరును పెట్టుడు. బల్బు మినుకుమన్నప్పుడెల్ల మీటరులో వోల్టులు పెరుగును; మేకులను గరుకుకాగితముతో రుద్ది గట్టిగా నొక్కిన, అవి సున్నకు దిగి బల్బు నిండుగా వెలుగును. పిదప బల్బును తీసి, ఆ చోట మీటరును పెట్టి, అది చూపు అబద్ధమును విద్యార్థులచేతనే కనిపెట్టింపుడు.

తట్టిన వెలిగిన దీపమును చూచి తృప్తిపడువాడు దోషమును రేపటికి వాయిదా వేసినవాడే. తట్టగా ఏల వెలిగినదని అడిగినవారు మైక్రోఫోనును, విద్యుత్తరంగములను పట్టు సాధనమును మనకిచ్చిరి. ఆ ప్రశ్న ప్రయోగశాలలోని బిరడా వద్దను, పాతకారు దీపము వద్దను ఒక్కటియే.