అమెరికా వంటింట్లో తక్కెడ ఏమైంది?

అమెరికాలో పిండిని తూచరు, కప్పుతో కొలుస్తారు. ఎందుకని అడిగితే తరచూ వినిపించే జవాబు ఒకటుంది. పడమటి భూములకు బండ్లు కట్టుకుపోయిన కుటుంబాలు ఇనప తూకపురాళ్లు మోయలేక, చేతికందిన కప్పునే కొలతగా చేసుకున్నాయట. కథ బాగానే ఉంది గానీ పాత వంట పుస్తకాల తేదీలు దానికి ఒదగవు. అమెరికన్లు రాసిన తొలి వంట పుస్తకంగా చెప్పుకునే అమీలియా సిమన్స్ ‘అమెరికన్ కుకరీ’ 1796లో హార్ట్‌ఫర్డ్‌లో అచ్చయింది. అందులో పౌండ్ కేక్‌కు పిండి, వెన్న, చక్కెర తలా ఒక పౌండు. లిడియా మరియా చైల్డ్ పొదుపు గృహిణుల కోసం రాసిన పుస్తకం 1829లో బోస్టన్‌లో వెలువడింది. 1830ల మొదట్లోని దాని ముద్రణల్లోనే ఒక కప్పు వెన్న, రెండు కప్పుల చక్కెర, మూడు కప్పుల పిండి, నాలుగు గుడ్లతో చేసే కేక్ కనిపిస్తుంది. పౌండ్ కేక్ కన్నా చవక అన్నది దాని సిఫారసు. ఆరెగాన్ దారిన బండ్లు బారులు తీరింది 1840లలో. అప్పటికే బోస్టన్ వంటిళ్లలో కప్పు ఉంది.

వలస బండ్లలో టీ కప్పులతో కొలవలేదా అంటే, కొలిచే ఉంటారు. అయితే ఇంట్లో ఒకే పాత్రతో అన్నీ కొలుచుకోవడం వేరు, దేశమంతటికీ ఒక కప్పు ప్రమాణం కావడం వేరు. ఇడ్లీకి ఒకటికి రెండు అన్నప్పుడు ఆ ఒకటి గిద్దైనా, సోలైనా, తవ్వైనా పిండికి తేడా రాదు. అచ్చు పుస్తకానికి ఆ వెసులుబాటు లేదు. ముక్కూమొహం తెలియని పాఠకురాలి కప్పు ఎంతదో రచయితకు తెలియదు మరి. అందుకే ఎలైజా లెస్లీ 1828 నాటి పుస్తకంలోనే తూకాలకూ కొలతలకూ ఒక పట్టిక ఇచ్చింది: పౌండు గోధుమపిండి ఒక క్వార్టు, పది గుడ్లు ఒక పౌండు. ఫానీ ఫార్మర్ 1896లో ‘బోస్టన్ కుకింగ్ స్కూల్ కుక్ బుక్’లో కప్పు అంటే అర పైంటు అని నిలబెట్టి, పావులుగానో మూడో వంతులుగానో గీతలున్న కప్పులు వాడమంది. అంచు దాకా నింపి, పైన కత్తితో గీసి సమం చేయమంది. ఖండాన్ని దాటే రైలు 1869లోనే వచ్చేసింది. కాబట్టి ఈ కప్పును ప్రమాణం చేసింది తక్కెడ కరువు కాదు, వంట బడి.

కప్పే తప్పుడు కొలత అని నేటి బేకరీ నిపుణులు ఆక్షేపిస్తారు. పిండి విషయంలో వాళ్ల మాటలో నిజముంది, నేరం మాత్రం పూర్తిగా కప్పుది కాదు. ఫార్మర్ లెక్కలో నాలుగు కప్పుల పేస్ట్రీ పిండి ఒక పౌండు, అంటే కప్పుకు 113 గ్రాములు. లెస్లీ క్వార్టుకు నాలుగు కప్పులే గనుక, 68 ఏళ్ల ఎడంలో ఇద్దరి లెక్కా ఒకటే. వెర్మాంట్‌లోని కింగ్ ఆర్థర్ కంపెనీ నేడు మామూలు మైదాకు 120 అంటోంది. పిండి రకం మారింది కాబట్టి ఆ కొద్ది తేడా సహజమే. అసలు మెలిక జల్లెడలో ఉంది. కొలిచే ముందు పిండి జల్లించాలని ఫార్మర్ షరతు. తర్వాత జల్లించిన పిండే సంచుల్లో రావడంతో ఆ పని మానేశారు. కప్పును సంచిలో ముంచి తీస్తే పిండి కూరుకుని 140 గ్రాములు దాటవచ్చు. మూడు కప్పుల కేక్‌లో ఫార్మర్ లెక్క కన్నా 80 గ్రాములు అదనంగా పడితే గట్టిపడక ఏం చేస్తుంది? పట్టికలో అంకె నిలిచింది, దాన్ని నిజం చేసే పని పోయింది.

మరి తక్కెడ తిరిగి ఎందుకు రాలేదు? 1975 మెట్రిక్ చట్టం ఎవరినీ బలవంతపెట్టలేదు; దాని అమలుకు పెట్టిన బోర్డును 1982లో ఎత్తేశారు. వెన్న కడ్డీ కాగితం మీద టేబుల్‌స్పూన్ల గీతలు కంపెనీలే అచ్చేస్తున్నాయి. మార్పిడి లెక్క అంగట్లోనే పూర్తయి వస్తుంటే తక్కెడ కొనాలని ఎవరికి తోస్తుంది?

అమెరికాలోని తెలుగు వంటిళ్లలో ఇంకో చిక్కుంది. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు, అమెరికా కప్పు సుమారు 237. అన్నానికి ఏదైనా ఒకటే, బియ్యానికీ నీళ్లకూ అదే కప్పు వాడితే చాలు. కేక్‌కు కుదరదు. వంటకాలు రాసేవాళ్లు ఏ కప్పో చెప్పండి, పిండి దగ్గర మాత్రం గ్రాములు రాయండి.