పూటకూళ్లయింటి వాకిలి

అమెరికాదేశపు హోటళ్ల చరిత్ర వ్రాయువారు సాధారణముగా అంతస్తులను లెక్కింతురు, లాభములను లెక్కింతురు. ఆ లెక్కలు అసత్యములు కావు. మేము విచారింపబూనినది వేఱొక లెక్క. పైకము చేతబట్టుకొని వచ్చిన బాటసారిని వాకిటనే నిలిపి పంపివేయుట వ్యాపారికి నష్టము గదా! లాభమే పరమార్థముగా గల వర్తకులు ఆ నష్టమును తరతరములు ఏల సహించిరి? తుదకు దానిని మాన్పించిన దేది?

ఇంగ్లండు ప్రాచీన న్యాయసంప్రదాయమున ఒక మంచి నియమము కలదు. బాటసారులకు బస యిచ్చుట వృత్తిగా గైకొన్నవాడు, చోటుండి మూల్యము చెల్లునప్పుడు, తగిన కారణము లేక యెవ్వరిని కాదనరాదు. రాత్రివేళ దారిలో నిలిచినవానికి వేఱు గతి లేదు గనుక ఈ నియమ మేర్పడెను. ఇది అమెరికాకును సంక్రమించెను; వట్టి భోజనశాలలకు మాత్రము సామాన్యముగా వర్తించెడిది కాదు.

పూర్వపు అమెరికా సత్రములలో ముక్కుమొగము తెలియని యిద్దఱు ఒకే మంచముపై పరుండుట వాడుక. యజమాని గంట కొట్టినప్పుడు, అతడు వండించినదే తినవలెను. 1829లో బోస్టను నగరమున ట్రెమాంట్ హౌస్ అను హోటలు వెలసెను. గదికి తాళము, అతిథికి తాళపుచెవి, ముఖము కడుగుకొనుటకు సబ్బు, ఇవి యప్పటివారికి వింతలు. న్యూయార్కులో స్విట్జర్లాండునుండి వచ్చిన డెల్మానికో సోదరులు 1827లో చిన్న మిఠాయి యంగడి తెఱచి, పిమ్మట అచ్చొత్తిన పట్టికలోనుండి కోరినది కోరినట్లు తెప్పించుకొను భోజనశాలగా దానిని పెంచిరి. 1908లో బఫెలో నగరమున ఎల్స్‌వర్త్ స్టాట్లర్ గదిని, స్నానపుగదిని కలిపి ఒకటిన్నర డాలరుకే యిత్తునని ప్రకటించెను. ఇతడు బాల్యమున హోటలులో మూటలు మోసినవాడు. ప్రక్కప్రక్క గదుల స్నానశాలలను ఒకే గోడకు ఇరువైపుల నుంచి, గొట్టముల నన్నిటిని ఒకే దారిన నడపి ఖర్చు తగ్గించెను. పాలరాతి స్తంభముల వర్ణనకంటె ఈ గొట్టముల కథయే మాకు రుచించును.

ధర అచ్చుపడిన తరువాత వచ్చినవాడెవడని అడుగ నక్కఱలేదని తోచును. కాని యడిగిరి. అడిగించుకొన్నవారు ఆ వృత్తికి క్రొత్తవారా? కారు. న్యూయార్కులో థామస్ డౌనింగ్ అను నల్లజాతివాడు బ్రాడ్ వీధిలో ఆల్చిప్పల భోజనశాల నడపి, ధనికులైన తెల్లవారి మన్నన లందెను. వాషింగ్టనులో జేమ్స్ వర్మ్‌లీ అను మఱియొక నల్లజాతివాడు 1871లో గొప్ప హోటలు స్థాపించెను. దక్షిణరాష్ట్రములనుండి కేంద్రసైన్యమును తీసివేయుటకు 1877లో జరిగిన యొడంబడిక యాతని హోటలులోనే కుదిరెనని ప్రసిద్ధి. ఆ సైన్యమే యచ్చటి నల్లవారి హక్కులకు కాపుగా నుండెడిది!

సత్రములందు, వాహనములందు, నాటకశాలలందు అందఱకు సమానప్రవేశము నిచ్చుచు 1875లో ఒక చట్టము పుట్టెను. 1883లో సుప్రీముకోర్టు దానిని కొట్టివేసెను. రాజ్యాంగపు పదునాల్గవ సవరణ ప్రభుత్వములనే కట్టివేయును గాని ప్రైవేటు వ్యక్తులను కట్టివేయదని యా తీర్పు. ఇక నల్లజాతి బాటసారికి మిగిలినది తెలిసినవారి యిల్లే. 1936లో హార్లెము నివాసి, తపాలాజవాను విక్టర్ హ్యూగో గ్రీన్ ఆదరించు బసల పేళ్లను కూర్చి ఒక పుస్తకము ప్రకటింప నారంభించెను. అది ముప్పదియేండ్లు వెలువడెను.

ఆ కాలముననే హవర్డ్ జాన్సన్ అను వర్తకుడు నారింజరంగు కప్పులతో, ఎచ్చట చూచినను ఒకే రుచితో దేశమంతట భోజనశాలలు నెలకొల్పుచుండెను. 1957లో ఘానాదేశపు ఆర్థికమంత్రి గ్బెడెమా డెలవేరు రాష్ట్రమున అట్టి శాలయందు నారింజరసము కోరగా, లోపల కూర్చుండి త్రాగరాదనిరి. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆయనను తన యింటికి ఉపాహారమునకు పిలిచి సిగ్గు కప్పుకొనవలసి వచ్చెను. అంతకు రెండేండ్లముందు హూస్టన్ విమానాశ్రయమున మన రాయబారి గగనవిహారి మెహతాను తెల్లవారితో కూర్చుండనీక వేఱుచోటికి పొమ్మనిరి. మన దేశముననో, హోటళ్లలో బ్రాహ్మణులకు వేఱు పంక్తి సాగిన దినములు పెద్దలకు తెలియనివి కావు. అయినను 1950 నాటి మన రాజ్యాంగము పదునైదవ యధికరణమున హోటళ్లను పేరెత్తి చెప్పి ఆ భేదమును నిషేధించెను.

అమెరికా వర్తకుల వాదము వినదగినది. “మాకు ద్వేషము లేదు, ఒక నల్లవానిని కూర్చుండబెట్టినచో పదిమంది తెల్లవారు లేచిపోదురు” అని. తానొక్కడే తలుపు తెఱచువానికి ఈ భయము కొంత నిజమే. అందఱును తెఱవవలసివచ్చినచో లేచినవాడు పోవుటకు చోటేది? 1960 ఫిబ్రవరి 1వ తేదీన గ్రీన్స్‌బరోలో నలుగురు విద్యార్థులు వూల్‌వర్త్ అంగడిలో సామాను కొని, ఫలాహారపు బల్లకడ కూర్చుండి కాఫీ యడిగిరి; ఈయలేదు. జూలై 25న ఆ బల్ల అందఱకు తెఱువబడెను. దేశమున కంతటికి చట్టము 1964లో వచ్చెను.

ఆ చట్టమును అట్లాంటాలో 216 గదుల మోటలు యజమాని యెదిరించెను. ఇష్టము లేనివారికి సేవచేయు మనుట తనచేత వెట్టిచాకిరి చేయించుట యని, బానిసత్వమును నిషేధించిన సవరణనే యాతడు శరణుజొచ్చెను! సుప్రీముకోర్టు ఆ మాట నంగీకరింపలేదు. అతని యతిథులలో నూటికి 75 మంది ఇతరరాష్ట్రములవారు గనుక అది అంతర్‌రాష్ట్ర వాణిజ్యమని తీర్మానించెను. బర్మింగుహాములోని ఆలీ భోజనశాల కథ యింకను విచిత్రము. అచ్చటి 36 మంది పనివారిలో మూడింట రెండువంతులు నల్లవారు; వండవచ్చును, వడ్డింపవచ్చును, కూర్చుండి తినరాదు. దాని యతిథులు స్థానికులే. కాని యొక సంవత్సరమున కొన్న మాంసములో 69,683 డాలర్లది రాష్ట్రము వెలుపలినుండి వచ్చినది. ఆ చిట్టాపద్దు పట్టుకొనియే కోర్టు వాకిలి తెఱపించెను. మనుష్యమర్యాద పేరిట 1883లో ఓడిన న్యాయము మాంసపు లెక్కతో 1964లో గెలిచెను. తీర్పు సమానత్వపు హక్కుపైననే నిలువవలెనని జస్టిస్ డగ్లస్ విడిగా వ్రాసెను. మేమును ఆయన పక్షమే.

అట్లాంటాలోనే లెస్టర్ మాడాక్స్ అను మఱియొక భోజనశాల యజమాని కోర్టు ఆజ్ఞకు లొంగక 1965లో తన వ్యాపారమునే విడిచిపెట్టెను. 1967 జనవరిలో ఆయన జార్జియా రాష్ట్రమునకు గవర్నరయ్యెను.