బోధకుడికి సహవాసం ఎక్కడ దొరికింది?

ఉప్పాడ నుంచి సముద్రాన్ని ఆనుకుని కాకినాడ వెళ్లే రోడ్డు చాలామందికి తెలుసు. అలలు ఆ రోడ్డునీ ఊరినీ కొంచెం కొంచెంగా కొరుక్కుతింటున్నాయి. ఇక్కడి జమ్‌దానీ నేత గురించీ, ఈ కోత గురించీ రాసినవాళ్లు బోలెడుమంది. ఈ తీరప్రాంతపు దళితపేటల్లోకి అప్పుడే అభిషేకం పొంది వచ్చిన బోధకుడి ఒంటరితనం గురించి రాసినవాళ్లు మాత్రం మాకు పెద్దగా కనబడలేదు.

పేటలో ఆయన్ని 'అయ్యగారూ' అంటారు. పెద్దకులాల వీధిలోకి వెళ్తే ఆ పిలుపు ఉండదు. పేటవాళ్ల కష్టం ఆయన వినాలి, సరే. ఆయన కష్టం ఎవరు వింటారు? ఈ ప్రశ్న ఇప్పటిది కాదు.

కాకినాడలో టెలిగ్రాఫ్ శాఖలో పనిచేసిన థామస్ గాబ్రియేలు సంగతి చూద్దాం. మన దేశంలో టెలిగ్రాఫ్ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది 1855లో. ఆ రోజుల్లో తంతి ఆఫీసులో ఉద్యోగమంటే మాటలు కాదు. తీగ మీద ఎక్కడో మద్రాసులో ఉన్న మనిషితో మాట్లాడగల మనిషి ఆయన. ఆ సర్కారు జీతం వదిలేసి సువార్తపనికి దిగాడు. కాకినాడ చుట్టుపక్కల బాప్టిస్టు సంఘానికి పునాది వేసింది ఈ తెలుగువాడే, తెల్లదొర కాదు. కానీ జీతం పోయాక ఆదరువు లేదు, పక్కన నిలబడే తోటి సేవకులూ లేరు. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టులతో కలిసి పనిచేస్తున్న కెనడా మిషనరీ జాన్ మెక్లారిన్‌ను ఆశ్రయించాడు. 1873లో కెనడా బాప్టిస్టులు సొంతంగా మిషన్ పెట్టడానికి నిర్ణయించుకున్నారు. 1874 మార్చిలో మెక్లారిన్ కాకినాడ వచ్చాడు. 1875 మొదట్లోనే గాబ్రియేలు చనిపోయాడు.

అడిగిన సహవాసం దొరికింది, అనుభవించడానికి ఏడాది కూడా లేదు. తర్వాత సామర్లకోటలో 1882లో సెమినరీ వచ్చింది, పిఠాపురంలో ఆసుపత్రి వచ్చింది, కాకినాడ జగన్నాథపురంలో బడి వచ్చింది. వీటి మేలు తక్కువని మేము అనం. మా చదువుల మూలాలు అక్కడివే. అయినా మిషన్ తన వయసును 1874 నుంచే లెక్కపెడుతుంది. గాబ్రియేలు ఆ లెక్కకు ముందుమాట అయిపోయాడు. ఒంగోలు వైపూ ఇదే కథ. మాదిగ యోగి యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు, క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టకముందే. చరిత్రలో మాత్రం ముందు కనబడేది దొరగారే.

దొరలతో సహవాసం ఎలాంటిదో బయటపెట్టి మాట్లాడినవాడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి నాడారు. పైబట్ట వేసుకునే హక్కు కోసం కొట్లాడిన కులం అది. దళితుడు కాడు, తెలుగువాడూ కాడు. తెలుగు నేర్చుకుని దోర్నకల్ వచ్చాడు. 1909లో అభిషేకం పొందాడు. ఏడాది తిరక్కుండానే 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో నిలబడి దొరల మొహాన చెప్పాడు: మీరు త్యాగాలు చేశారు, ఒప్పుకుంటాం, కానీ మాతో సమానంగా కూర్చోరు, మాకు కావలసింది స్నేహితులు. సభలో చాలామందికి మింగుడుపడలేదు. 1912లో ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యాడు. ఆయన డయాసిస్‌లో ఎక్కువమంది మాలలు, మాదిగలు. అయితే ఇక్కడ మేము ఒక మాట అడగాలి. దొర బల్ల దగ్గర బిషప్పుకు కుర్చీ దొరికితే, మాల, మాదిగ బోధకుడికి బిషప్పు బల్ల దగ్గర దొరికిందా? మాలలకీ మాదిగలకీ మధ్య మాత్రం ఒకే బల్ల ఉండిందా? ప్రభు రాత్రి భోజనం దగ్గర కూడా పంతాలు పోయిన సంఘాలున్నాయి. ఇది దొరల తప్పు అని తప్పించుకోలేం.

1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాదంది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ సడలించారు. క్రైస్తవులను వదిలేశారు. రాష్ట్రంలో మనవాళ్లను 1970లో బి.సి. 'సి' గ్రూపులో పెట్టి ఒక శాతం ఇచ్చారు. దాంతో పేటలో రెండు పేర్ల బతుకు మొదలైంది. ఆదివారం ఒక పేరు, రికార్డులో ఇంకో పేరు. సంఘస్థులు ఎలాగో నెట్టుకొస్తారు. బోధకుడికి ఆ వెసులుబాటు లేదు, ఆయన పనే ఆయన మతాన్ని చాటుతుంది.

2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. 2025లో అదే రాష్ట్ర హైకోర్టు, కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసును కొట్టేసింది. క్రైస్తవంలోకి వెళ్లాక ఎస్సీ హోదా ఉండదనీ, చేతిలో కుల ధృవపత్రం ఉన్నా చాలదనీ చెప్పింది. ఆయన్ని తిట్టారని ఆరోపణ వచ్చినవాళ్లకు మాత్రం ఆయన కులం గుర్తుంది.